హాచియా పెర్సిమన్ వగరు పోగొట్టి తినడం ఎలా?

కాలిఫోర్నియాలో ఎండ తగిలే పెరడు ఉంటే పెర్సిమన్ అనే నారింజ రంగు పండ్ల చెట్టు పెట్టుకోండి. పెద్దగా చాకిరీ అడగదు. జనవరి, ఫిబ్రవరిలో మట్టి లేకుండా ఒట్టి వేళ్లతో మొక్కలు దొరుకుతాయి. వేళ్లు నల్లగా ఉన్నాయని కంగారు పడకండి, వాటి రంగే అంత. నీళ్లు నిలవని చోట పాతండి. ఎరువు కుమ్మరించకండి. నత్రజని ఎక్కువైతే పిందెలు రాలిపోతాయి.

చలికాలంలో కొమ్మల చివర్లన్నీ కత్తిరించకండి. పోయినేడాది పెరిగిన కొమ్మ చివర ఉన్న మొగ్గల నుంచి వచ్చే కొత్త రెమ్మలే కాస్తాయి. చెట్టును గుండ్రంగా, ముచ్చటగా కత్తిరించేసి, ఆనక "మా చెట్టు కాయదండీ" అనేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

అక్టోబరు, నవంబరులో రంగు పూర్తిగా తిరిగాక కోయండి. చేత్తో లాగొద్దు. పైనున్న నాలుగు రేకుల ముచ్చిక కాయకే ఉండేలా కత్తెరతో కోయాలి.

ఈ పండ్లలో టమాటాలా బల్లపరుపుగా ఉంటే అది ఫూయు రకం. గట్టిగా ఉన్నప్పుడే ముక్కలు కోసుకుని తినేయొచ్చు, దానితో ఏ టెన్షనూ లేదు. అడుగున మొన తేలి ఉంటే హాచియా రకం. అందరూ బోల్తా పడేది దీని దగ్గరే.

హాచియా రంగును నమ్మకండి. నిగనిగలాడే నారింజ రంగులో ఉన్నా, గట్టిగా ఉన్నంతసేపూ లోపల వగరే. కాయలో కరిగి ఉన్న టానిన్లు, అంటే వగరునిచ్చే పదార్థాలు, లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకుంటాయి, నోరంతా పిడచకట్టుకుపోతుంది. పచ్చి తునికి కాయ కొరికినవాళ్లకు చెప్పక్కర్లేదు, రెండూ ఒకే ప్రజాతివి. పండేకొద్దీ ఆ టానిన్లు కరగని రూపంలోకి మారతాయి. పంచదార కలిపితే వగరు పోదు, పంచదార దండగ.

కాయల్ని ముచ్చిక కిందికి వచ్చేలా, ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పేర్చి వంటింట్లో ఓ పక్కన పెట్టండి. తొందరగా ఉంటే అరటిపండుతో కలిపి కాగితం సంచిలో పెట్టండి. అరటిపండు వదిలే ఎథిలీన్ వాయువు కాయల్ని పండిస్తుంది. రోజూ అరచేతిలోకి తీసుకుని చూడండి, వేలితో పొడవకండి. ఒక పక్క మెత్తబడి ముచ్చిక దగ్గర గట్టిగా ఉంటే ఇంకా కాలేదు. తొక్క పలచబడి, లోపలి గుజ్జు అటూ ఇటూ కదులుతున్నట్టు ఉండాలి. చూడ్డానికి పాడైపోయిందేమో అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే తినాలి. చాలామంది ఆ దశలోనే చెత్తబుట్టలో పడేస్తారు!

ఫ్రీజర్‌లో పెట్టినా వగరు తగ్గుతుంది కానీ, కరిగాక గుజ్జు నీళ్లోడుతుంది. నాకు నచ్చదు. హల్వా జోలికి అసలు పోకండి, వేడి తగిలితే పోయిన వగరు మళ్లీ తిరిగొస్తుంది. ఓపిక ఉంటే జపాన్‌వాళ్లలా గట్టి కాయల తొక్క తీసి, కాడకు దారం కట్టి గాలి ఆడే చోట వేలాడదీయండి. వారం తర్వాత నుంచి వేళ్లతో మెల్లగా ఒత్తుతూ ఉంటే నెల, నెలన్నరకు ఎండుతాయి. పైన తెల్లగా కనిపించేది బూజు కాదు, పండులోని చక్కెరే. ఆకుపచ్చగానో నల్లగానో ఉంటే మాత్రం బూజే, పారేయండి.

వగరు కాయల్ని పరగడుపున తినొద్దు. టానిన్లు కడుపులో ఉండకట్టే ప్రమాదం ఉంది. పండిన హాచియాకు ముచ్చిక తీసేసి చెంచాతో తినడమే పద్ధతి. పైన తేనె పోస్తామంటే మీ ఇష్టం, నేనైతే పోయనివ్వను.