కంట్రోల్-సీ కొట్టినా ఇంపోర్ట్ ఆగట్లేదా? ఒరాకిల్ డేటా పంప్ జాబ్‌ను సురక్షితంగా ఆపే పద్ధతి

సమస్య

రాత్రి క్రాన్‌లో (చెప్పిన టైమ్‌కి పనులు తనే మొదలుపెట్టే షెడ్యూలర్) మొదలైన డేటా పంప్ ఇంపోర్ట్, అంటే డంప్ ఫైల్‌లోని డేటాను ఒరాకిల్ డేటాబేస్‌లోకి ఎక్కించే పని, తెల్లారినా అవ్వలేదు. అప్లికేషన్ నత్తనడక నడుస్తోందని ఫోన్ల మీద ఫోన్లు. టెన్షన్‌లో ఐఎంపీడీపీ (impdp, ఇంపోర్ట్ నడిపే కమాండ్) ప్రాసెస్ నంబర్ వెతికి కిల్ మైనస్ 9 (ప్రాసెస్‌ను బలవంతంగా చంపే కమాండ్) కొట్టారు. ప్రాసెస్ పోయింది, కానీ లాగ్ ఫైల్ తెరిచి చూస్తే ఇంకా కొత్త లైన్లు పడుతూనే ఉన్నాయి.

ఎందుకిలా?

ఐఎంపీడీపీ కేవలం కబురు మోసే క్లయింట్. అసలు పని డేటాబేస్ సర్వర్‌లో జరుగుతుంది. డీఎం అనే పేరుతో ఒక మాస్టర్ ప్రాసెస్, దాని కింద డీడబ్ల్యూ పేరుతో వర్కర్లు ఉంటాయి. ఎంతవరకు వచ్చిందన్న లెక్కంతా జాబ్ పేరుతోనే ఉండే మాస్టర్ టేబుల్‌లో రాసుకుంటాయి. ఒరాకిల్ 10జీ వెర్షన్‌కి ముందున్న పాత ఇంపోర్ట్ టూల్ అలా కాదు, క్లయింట్ పోతే పనీ ఆగేది. ఆ అలవాటే ఇప్పటికీ మనల్ని ముంచుతోంది.

మొదట్లో నేనూ ఇలాగే పుట్టీ (సర్వర్‌కు కనెక్ట్ అయ్యే టూల్) విండో మూసేసి, ఆగిపోయిందనుకుని, అదే ఇంపోర్ట్‌ను అపెండ్ (ఉన్న డేటాకు జోడించే) ఆప్షన్‌తో మళ్ళీ మొదలుపెట్టాను. ఒకే స్కీమాలోకి (ఒక యూజర్ టేబుళ్ళన్నీ ఉండే చోటు) రెండు జాబులు. ఒకే రికార్డు రెండోసారి చేరకుండా ఆపే ప్రైమరీ కీ లేని టేబుళ్ళలో ప్రతి రికార్డూ రెండేసి సార్లు చేరింది. అవి ఏరి తీసేయడానికి రెండు రోజులు పట్టింది.

ఎలా ఆపాలి?

ముందు క్రాన్‌ట్యాబ్‌లో (క్రాన్ పనుల జాబితా) ఆ ఇంపోర్ట్ లైన్ ముందు హ్యాష్ (#) పెట్టండి. లేకపోతే మీరు ఆపిన జాబ్‌ను రాత్రికి అదే మళ్ళీ లేపుతుంది.

తర్వాత డీబీఏ_డేటాపంప్_జాబ్స్ వ్యూలో ఓనర్, జాబ్ పేరు, స్టేట్ చూడండి. ఆ ఓనర్‌తోనే లాగిన్ అయి, ఐఎంపీడీపీకి అటాచ్ ఈక్వల్ టు జాబ్ పేరు ఇస్తే ఇంపోర్ట్ ప్రాంప్ట్ వస్తుంది. జాబ్ నడుస్తుండగా కంట్రోల్-సీ కొడితే వచ్చేదీ ఇదే ప్రాంప్ట్. చాలామంది దీన్ని చూసి కంగారుపడి విండో మూసేస్తారు. అది మీ ఆజ్ఞ కోసం ఎదురుచూస్తోంది, అంతే.

ఇక్కడ స్టాప్_జాబ్ కొట్టండి. నిజంగా ఆపాలా అని అడుగుతుంది, ఎస్ అనండి. వర్కర్లు చేతిలో ఉన్న పని ముగించుకుని ఆగుతాయి. పెద్ద టేబుల్ మధ్యలో ఉంటే టైమ్ పడుతుంది, ఓపిక పట్టండి. ఆగలేని పరిస్థితైతే దానికే ఈక్వల్ టు ఇమీడియట్ చేర్చండి. రెండు పద్ధతుల్లోనూ మాస్టర్ టేబుల్ భద్రంగా ఉంటుంది. రేపు మళ్ళీ అటాచ్ అయి స్టార్ట్_జాబ్ కొడితే ఆగిన చోటి నుంచి సాగుతుంది. అప్పటిదాకా డంప్ ఫైల్‌ను కదపకండి.

కిల్_జాబ్ అలా కాదు. మాస్టర్ టేబుల్ పోతుంది, తిరిగి మొదలుపెట్టే దారి ఉండదు. అప్పటికే లోడైన టేబుళ్ళు మాత్రం అలాగే మిగిలిపోతాయి. అసలు ప్రమాదం తర్వాత వస్తుంది. క్రియేట్ అయి, డేటా ఎక్కకముందే తెగిపోయిన టేబుల్ ఖాళీగా ఉంటుంది. మళ్ళీ ఇంపోర్ట్ చేస్తే టేబుల్ ఉంది కదా అని డిఫాల్ట్‌గా దాన్ని వదిలేసి ముందుకెళ్తుంది. కాబట్టి ట్రంకేట్ (పాత డేటా తీసేసి ఎక్కించేది) లేదా రిప్లేస్ (టేబుల్‌నే తీసేసి కొత్తగా చేసేది) ఆప్షన్ ఇచ్చి నడపండి.

జాబ్ కదలకపోతే?

లాగ్‌లో ఓఆర్ఏ-39171 (జాబ్ ఏదో అడ్డంకి తొలగే వరకు ఎదురుచూస్తోందనే ఎర్రర్) కనిపిస్తే దాని పక్కనే ఉన్న ఎర్రర్ చదవండి. తరచుగా అది టేబుల్‌స్పేస్ (టేబుళ్ళకు కేటాయించిన స్టోరేజ్) నిండిపోవడమే. డేటాఫైల్ చేర్చితే జాబ్ తనంతట తనే కదులుతుంది, ఆపాల్సిన పనే లేదు.

స్టేట్ నాట్ రన్నింగ్ అని ఉండి, అటాచ్ అవ్వకపోతే?

ఓఆర్ఏ-31626 (ఆ జాబ్ లేదనే ఎర్రర్) వస్తే అది అనాథ జాబ్ అయ్యుండొచ్చు, అంటే జాబ్ పోయి మాస్టర్ టేబుల్ మాత్రం మిగిలినది. జాబ్ పేరుతో మిగిలిన మాస్టర్ టేబుల్‌ను డ్రాప్ చేస్తే సరి. కానీ స్టాప్_జాబ్‌తో ఆపినవీ నాట్ రన్నింగ్ అనే కనిపిస్తాయి. టీమ్‌లో ఎవరైనా కావాలని ఆపారేమో కనుక్కున్నాకే డ్రాప్ చేయండి.

క్రాన్ హ్యాష్ తీసే ముందు స్క్రిప్ట్‌లో జాబ్_నేమ్ ఆప్షన్‌తో ఒక స్థిరమైన పేరు పెట్టండి. పాత జాబ్ ఇంకా బతికుంటే కొత్తది ఓఆర్ఏ-31634తో (అదే పేరుతో జాబ్ ఇప్పటికే ఉందనే ఎర్రర్) అక్కడే ఆగిపోతుంది, డేటా జోలికి పోదు.