పదవీ విరమణతో దొరికిన సమయాన్ని పాత తెలుగు పుస్తకాలకు వినియోగించే విధానం

ప్రభుత్వోద్యోగులు ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్ళు, తెలంగాణలో 61 ఏళ్ళు నిండాక పదవీ విరమణ చేస్తున్నారు. ఆ మరునాటి నుండి రోజుకు ఎనిమిది గంటలకు పైగా సమయం ఒక్కసారిగా చేతికి వస్తుంది. సన్మానసభలో కప్పిన శాలువాలు బీరువాలోకి చేరేలోపే ఆ సమయానికి హక్కుదారులు పుట్టుకొస్తారు. బ్యాంకు పనీ, కరెంటు బిల్లూ, బంధువుల ఇంటి రిజిస్ట్రేషనూ అన్నీ “మీరిప్పుడు ఖాళీయే కదా” అన్న మాటతో మీ వద్దకే వస్తాయి. వాటిని కాదనవలసిన పనిలేదు కాని, రోజులో రెండు గంటలు, వీలైతే ఉదయం పూట, మీ సొంత పనికి కేటాయించి, ఆ సంగతి ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచడం చాలా అవసరం.

మొదటి రెండు నెలలూ పెన్షన్ కాగితాలకూ, వాయిదా వేస్తూ వచ్చిన వైద్య పరీక్షలకూ విడిచిపెట్టండి. తరువాత ఒకే ఒక పనిని ఎన్నుకోండి. సంగీతం, తోటపని, ధ్యానం, యాత్రలు అన్నీ ఒకేసారి మొదలుపెట్టినవారికి ఏదీ నిలవకపోవడమే నేను ఎక్కువగా చూశాను. ఆ ఒక్క పని తెలుగు వికీసోర్స్‌లో అచ్చుదిద్దడం కావచ్చునని, ముఖ్యంగా విశ్రాంత ఉపాధ్యాయులకు, నేను గట్టిగా సూచిస్తాను.

వికీసోర్స్ ఎవరైనా ఉచితంగా చదువుకోగల, ఎవరైనా పాల్గొనగల అంతర్జాల గ్రంథాలయం. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి అక్కడ చేర్చిన తరువాత కంప్యూటరు ఆ బొమ్మలోని అక్షరాలను తనంతట తాను గుర్తించి పాఠ్యంగా మారుస్తుంది. అయితే తెలుగు వత్తుల దగ్గర అది తరచు తడబడుతుంది, ‘ప’ను ‘వ’గా, ‘ధ’ను ‘థ’గా చదువుతుంది, సిరా పలచబడిన చోట అరసున్నను పూర్తిగా వదిలేస్తుంది. ఆ తప్పులను పట్టుకోవాలంటే అరసున్న, బండి ఱ, సరళాదేశాలు (సంధిలో క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లుగా మారడం) అలవాటైన కన్ను కావాలి. వాటిని బడిలో చదివి, పిల్లలకు బోధించిన తరం ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నది. అందుకే ఈ పనికి వారికంటే తగినవారు నాకు కనిపించడం లేదు.

మొదలుపెట్టడానికి తెలుగు వికీసోర్స్‌లో సభ్యత్వం తీసుకోవాలి. అసలు పేరుతోనే చేరాలన్న నియమం లేదు. తొలి పుస్తకంగా స్కాన్ స్పష్టంగా ఉన్న చిన్న వచన గ్రంథాన్ని తీసుకోండి. పద్యకావ్యాలూ, పట్టికలతో నిండిన శాస్త్రగ్రంథాలూ చేయి తిరిగాక చూసుకోవచ్చు. ఒక పేజీని దిద్దుబాటుకు తెరిస్తే స్కాన్ బొమ్మ, కంప్యూటరు రాసిన పాఠ్యం పక్కపక్కన కనిపిస్తాయి. కంప్యూటరులో భారతీయ భాషల కోసం ఏర్పరచిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో షిఫ్టుతో ఎక్స్ నొక్కితే అరసున్న, షిఫ్టుతో జె నొక్కితే ఱ వస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం అచ్చులో ఉన్నది ఉన్నట్లుగా ఉంచడం. జీవితమంతా ఎర్రసిరాతో తప్పులు దిద్దినవారికి ఇది మొదట కష్టంగా తోస్తుంది కాని, రచయిత ‘వచ్చుచుండెను’ అంటే దాన్ని ‘వస్తుండెను’గా మార్చే అధికారం మనకు లేదు. పంక్తి చివర విరిగిన మాటలను మాత్రం కలిపివేయాలి. పేజీ పైనున్న శీర్షికనూ పుటసంఖ్యనూ వాటికి కేటాయించిన గడిలో ఉంచాలి. ఆ తరువాత పేజీని పసుపు రంగు స్థితిలో భద్రపరిస్తే అది అచ్చుదిద్దినట్లు లెక్క. ఆకుపచ్చ స్థితి, అంటే ఆమోదం, మరొక సభ్యుడు మళ్ళీ సరిచూసిన తరువాతనే వస్తుంది. మీరు దిద్దిన పేజీని మీరే ఆమోదించడానికి వీలుండదు. భార్యాభర్తలిద్దరూ వేర్వేరు సభ్యత్వాలతో ఒకరు దిద్దిన పేజీని మరొకరు సరిచూసుకుంటే పని మరింత ఆసక్తిగా సాగుతుంది.

కంటి విషయంలో అశ్రద్ధ కూడదు. ఫోనులో కాక పెద్ద తెర మీద అక్షరాలను పెంచుకొని చేయండి. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు నడవండి. రోజుకు రెండు మూడు పేజీలు చాలు. ఆరు నెలలు అమెరికాలో పిల్లల దగ్గర, ఆరు నెలలు ఇక్కడ గడిపేవారు కూడా ఆపిన పేజీ నుండే మళ్ళీ అందుకోవచ్చు.

చేయి కుదిరాక మీ ఇంటి అటకమీదనో, ఊరి గ్రంథాలయంలోనో ఉన్న పాత పుస్తకాలను పరిశీలించండి. భారతదేశంలో రచయిత మరణించిన తరువాతి సంవత్సరం నుండి 60 ఏళ్ళపాటు ఆయన రచనలపై కాపీరైటు హక్కులు ఉంటాయి. 1919లో మరణించిన కందుకూరి వీరేశలింగం రచనలకు ఆ గడువు ఏనాడో తీరింది. 1965లో మరణించినవారి రచనలకు ఆ గడువు 2025 చివరి వరకు. రచయిత మరణించిన సంవత్సరం తెలియనప్పుడు పుస్తకాన్ని చేర్చవద్దు. అది తెలిసి, గడువు తీరిందని తేలితే, ఆ పుస్తకం అప్పటికే వికీసోర్స్‌లో ఉన్నదేమో వెదికి, లేనప్పుడు స్కాన్ చేయించే ఏర్పాటు చూడండి. పెళుసుబారిన కాగితమైతే పుస్తకాన్ని పూర్తిగా వెనక్కి విరవకుండా, పగటి వెలుతురులో ఒక్కొక్క పేజీనే ఫొటో తీయించడం క్షేమం.