నైలాన్ మేజోడులో తప్పు: గీత చూసి కారణం పట్టడం

1940ల నుంచి 1960ల మొదటి సంవత్సరాల దాకా అమెరికాలో పెన్సిల్వేనియాలోని రెడింగ్, ఇంగ్లండ్‌లో లెస్టర్, నాటింగ్‌హామ్ పరిసరాల్లో తయారైన వెనక కుట్టు నైలాన్ మేజోళ్ళకు సంబంధించిన మార్గదర్శి ఇది. పాత సరుకు సేకరించేవాళ్ళకు, అల్లిక పని తెలిసినవాళ్ళకు పనికొస్తుంది. మేజోడులో తప్పు కనబడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: గీత నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా? నిలువు గీత సూది తప్పు. అడ్డం పట్టీ దారం తప్పు. వెనక కుట్టు పక్కన చిన్న రంధ్రం ఉంటే, వెడల్పు కుదించడానికి లూపులను పక్క సూదికి జరిపే మొనలది. ఆకారం చెడితే ఆవిరి గదిది. ఇది తెలియకుండా యంత్రం విప్పితే రోజంతా వృథా.

ముందు పని జరిగే తీరు. దీనికి వాడేది విలియం కాటన్ 1864లో ఇంగ్లండ్‌లో పేటెంటు పొందిన పద్ధతిలో నడిచే చదునైన అల్లిక యంత్రం. మేజోడును గొట్టంలా కాక బల్లపరుపు గుడ్డముక్కగా, తొడ దగ్గరి మడత పట్టీ (వెల్ట్) నుంచి కిందికి అల్లుతుంది. కాలు సన్నబడేచోట అంచు లూపులను లోపలికి జరిపి వెడల్పు తగ్గిస్తుంది. పొడవాటి యంత్రంలో 30 విభాగాలుంటే ఒకేసారి 30 కాళ్ళు. తర్వాత కాలివేళ్ళ దగ్గర లూపింగ్ (లూపుకు లూపు కలిపి మూయడం), వెనక కుట్టు, ఆవిరిలో ఆకారం నిలపడం, రంగు, మళ్ళీ అచ్చుకు తొడిగి ఆరబెట్టడం, జత కలపడం, పెట్టెలో సర్దడం.

నిలువు గీత, పై నుంచి కింది దాకా ఒకే వరుసలో

ఇందులో రెండు రకాలున్నాయి. గీత వెంట లూపులు వదులుగానో బిగుతుగానో కనిపిస్తే సూది వంగింది. లూపే లేకుండా నిచ్చెన మెట్లలా అడ్డపోగులు మాత్రమే మిగిలితే సూది లూపును పట్టలేకపోయింది.

ఈ యంత్రంలో సూది అంటే చివర తీగను సన్నటి కొక్కెంలా వెనక్కి మడిచిన స్ప్రింగ్ సూది. కొత్త దారం కొక్కెంలో పడ్డాక ప్రెస్సర్ పట్టీ కొక్కెం మొనను సూది కాండంలోని గాడిలోకి నొక్కుతుంది. కొక్కెం మూసుకున్న ఆ క్షణంలో పాత లూపు దాని మీదుగా జారిపోవాలి. మొన కొంచెం పైకి లేచి ఉంటే గాడిలో కూర్చోదు, పాత లూపు కొక్కెంలోకే దూరుతుంది. మొన మరీ కిందికి వాలితే కొత్త దారం లోపలికే రాదు.

సరిచేయాలంటే ఆ విభాగాన్ని వెలుతురుకు ఎదురుగా చూసి వరుస తప్పిన సూదిని గుర్తించాలి. వంపు స్వల్పమైతే చదునైన సూది పటకారుతో కాండాన్ని పక్క సూదుల వరుసకు తేవాలి. కొక్కెం అలసిపోతే దిద్దడం దండగ. పట్టీ బిగింపు పలక వదులు చేసి సూది మార్చేయాలి. ఒకసారి విరిగేంతగా వంగిన కొక్కేన్ని మళ్ళీ నిలబెడితే కొన్ని మేజోళ్ళు అల్లాక అదే గీత తిరిగొస్తుంది. సూది మార్చాక పక్కనున్న సింకర్ పలకలు (దారాన్ని సూదుల మధ్యకు దింపి లూపు చేసే సన్నటి రేకులు) దాన్ని రాసుకోకుండా సరిగ్గా మధ్యనుంచి వెళ్తున్నాయో లేదో చేత్తో యంత్రాన్ని తిప్పి చూడాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. సింకర్ అంచు సూదిని గీస్తుంటే కొత్త సూదికీ అదే గతి.

ఒకే విభాగంలో పది, పదిహేను సూదులు ఒక్కసారిగా పోతే తప్పు సూదులది కాదు. దారం ఆ గేజ్‌కు మందమైంది. గేజ్ అంటే అంగుళంన్నరలో సూదులెన్ని అన్న లెక్క: 51 గేజ్‌కు అంగుళానికి 34, 60 గేజ్‌కు 40. సుమారు 14 అంగుళాల వెడల్పులో 51 గేజ్‌కు 476 సూదులు, 60 గేజ్‌కు 560. డెనియర్ అంటే 9,000 మీటర్ల దారం గ్రాముల్లో ఎంత తూగుతుందన్నది. 15 డెనియర్ ఒంటిపోగు దారం 60 గేజ్‌లో హాయిగా నడుస్తుంది. అదే సూదుల మీద 30 డెనియర్ ఎక్కిస్తే సూదికీ సూదికీ మధ్య చోటు చాలక కొక్కేలు లేస్తాయి. 30 డెనియర్‌కు 45, 51 గేజ్ తగినవి.

అడ్డంగా చారలు, ఉంగరాల్లా

తయారీదారులను అన్నిటికంటే ఏడిపించిన తప్పు ఇది. ముడి గుడ్డలో కనబడదు. రంగు వేశాక కాలికి తొడిగితే వలయాలు వలయాలుగా బయటపడుతుంది.

కారణం మూడుచోట్ల వెతకాలి. మొదటిది దారం బిగువు. నైలాన్ పట్టుకంటే ఎక్కువ సాగుతుంది, సాగినది వెనక్కి వస్తుంది. శంకు ఆకారపు ఉండ నుంచి వచ్చేటప్పుడు బిగువు మారితే కొన్ని వరుసలు సాగి అల్లుకుంటాయి, యంత్రం నుంచి దిగాక కుదించుకుని దట్టమైన చారవుతాయి. ఉండ అడుగుకు వచ్చేసరికి చారలు ఎక్కువైతే అనుమానం లేదు, బిగువే. రెండోది దారం పోత, అంటే ఒక్క విడతలో తయారైన దారం. పట్టు రోజుల్లో దారం మందం సహజంగానే మారేది. అందుకని మూడు క్యారియర్లు (సూదులకు దారం అందించే భాగాలు) పెట్టి వరుసకొకటి చొప్పున వంతులవారీగా అల్లేవాళ్ళు; ఒక ఉండలోని తేడా మూడు వరుసలకోసారి చెదిరిపోయి కంటికి ఆనదు. నైలాన్ ఏకరీతిగా వస్తుంది కాబట్టి ఈ ఏర్పాటు అక్కర్లేదనుకున్నవాళ్ళు, వేర్వేరు పోతల ఉండలు కలిసినప్పుడు మళ్ళీ దానికే వచ్చారు. మూడోది గది తేమ. నైలాన్ మామూలు గాలిలో తన బరువులో 4 శాతం దగ్గర తేమే పీలుస్తుంది, పట్టు 11 శాతం దాకా. గాలి పొడిబారితే నైలాన్ దారంలో స్థిర విద్యుత్తు పుట్టి, దారి పొడుగునా ఇనుముకు అంటుకుంటూ వస్తుంది.

కాబట్టి సరిచేసే క్రమం ఇదీ. గదిలో తేమ పగలూ రాత్రీ ఒకేలా నిలపాలి. బిగువు పలకల మధ్య పేరుకున్న మైనాన్నీ జిగురునూ తుడవాలి. అల్లికకు ముందు నైలాన్‌కు పాలీవినైల్ ఆల్కహాల్ గంజి పట్టిస్తారు, అది పొడిగా రాలి అక్కడే చేరుతుంది. ఒకే పోత దారాన్నే ఒక యంత్రానికి ఎక్కించాలి. అప్పటికీ చారలు పోకపోతే రంగు మార్చాలి. ఆమ్లపు రంగులు నైలాన్‌లోని చిన్న తేడానూ ఎత్తి చూపుతాయి. రేయాన్ అసిటేట్ కోసం పుట్టిన డిస్పర్స్ రంగులు ఆ తేడాను కప్పుతూ సమంగా పడతాయి. మేజోళ్ళలో ఆ రంగులు స్థిరపడటానికి ఇదే అసలు కారణం.

పిక్క వెనక, కుట్టు పక్కన సన్నటి రంధ్రాలు

అక్కడ చుక్కల్లాంటి గుర్తులు ఉండటం తప్పు కాదు. అంచు లూపులను లోపలికి జరిపినచోట రెండు లూపులు ఒకే సూది మీద పడి గుర్తు మిగులుతుంది. నిజమైన ఆకారపు అల్లికకు అదే సాక్ష్యం. రంధ్రం ఉంటేనే తప్పు.

లూపును సూది మీద నుంచి ఎత్తి పక్క సూదికి అందించే మొన, సూది గాడిలో సరిగ్గా ఆనకపోతే లూపు మధ్యదారిలో జారిపోతుంది. అన్ని గుర్తుల దగ్గరా రంధ్రాలుంటే మొనల పట్టీ మొత్తం పక్కకు జరిగింది. ఒక వైపే ఉంటే ఆ వైపు మొన వంగింది. అప్పుడప్పుడూ వస్తే లూపు మరీ బిగుతుగా ఉంది, ఎత్తేటప్పుడు తెగుతోంది. అలాంటప్పుడు కుదించే వరుసకు ముందు వరుసను కొంచెం వదులు చేస్తే చాలు, మొనల జోలికి పోనక్కర్లేదు.

జతలో ఒక కాలు పొడుగు

యంత్రం గొలుసు వరుసలను లెక్కపెట్టి నడుస్తుంది, కాబట్టి 30 విభాగాల్లోనూ వరుసల సంఖ్య ఒకటే. అయినా పొడవులో తేడా వచ్చిందంటే లూపు సైజు మారింది. ఏదో విభాగంలో సింకర్లు దారాన్ని కొంచెం ఎక్కువ లోతుకు దింపుతున్నాయి. వరుసకు వెంట్రుకవాసి తేడా చాలు, వందల వరుసల మీద కాలు పొడవులో అది అంగుళానికి పైగా చేరుతుంది. పక్క విభాగాల గుడ్డలను బల్ల మీద పరిచి అంగుళానికి వరుసలెన్నో లెక్కించి, తేడా ఉన్న విభాగాన్ని మిగతావాటి స్థాయికి తేవాలి. అప్పటికే అల్లినదాన్ని పారేయక్కర్లేదు. జత కలిపే బల్ల ఉన్నది దీనికే: పొడవు, పాదం, రంగు మూడూ సరిపోయే రెండిటిని ఏరి కలుపుతారు.

మోకాలి దగ్గర ముడతలు, ఉతికాక ఆకారం పోవడం

నైలాన్‌ను వేడితో స్థిరపరచవచ్చు, అదే దాని అసలు వరం. పట్టుకు ఈ గుణం లేదు. కుట్టు పూర్తయిన మేజోడును కాలి ఆకారపు లోహపు అచ్చుకు తొడిగి, మూసిన గదిలో ఒత్తిడితో 120 డిగ్రీల సెల్సియస్ పైన ఆవిరి పట్టిస్తారు. ఈ మెట్టు రంగుకంటే ముందే జరగాలి. లేకపోతే రంగు తొట్టెలోని వేడికి గుడ్డ ఇష్టమొచ్చినట్టు ముడుచుకుంటుంది, ఆ ముడతే స్థిరపడిపోతుంది.

కొత్తలోనే ముడతలుంటే తొడిగేటప్పుడే వెనక కుట్టు అచ్చు వెన్ను మీద నిటారుగా లేదు. ఉతికాక వదులైతే ఆవిరి చాలలేదు: గదిలో గాలి మిగిలిపోయి కొన్ని అచ్చుల మీద వేడి తగ్గింది. గట్టిగా, పసుపు జాడతో వస్తే వేడి ఎక్కువైంది. మొదటి రెండిటిని మళ్ళీ అచ్చుకెక్కించి చూడొచ్చు, కానీ ముందటికంటే వేడి ఎక్కువ ఉండాలి. తక్కువ వేడితో పాత ముడత చెదరదు. మూడోది రెండో రకం సరుకులోకి పోతుంది.

వెనక కుట్టు మాత్రమే పూసల దండలా ముడుచుకుంటే అచ్చు తప్పు కాదు. కుట్టు యంత్రంలో దారం బిగువు ఎక్కువైంది, లేదా నైలాన్ గుడ్డకు నూలు దారం వాడారు. తడికీ వేడికీ రెండూ ఒకేలా కుదించుకోవు. నైలాన్ దారం వేసి బిగువు తగ్గించాలి.

తొడుక్కున్న రోజే గీత పోవడం

బ్రిటన్‌లో దీన్ని ల్యాడర్ అంటే అమెరికాలో రన్ అనేవాళ్ళు. సాదా అల్లికలో ఒక లూపు తెగితే పైకీ కిందికీ కూడా విడిపోతుంది. పైన గార్టర్ క్లిప్పు లాగినచోట మొదలైన గీత కాలిలోకి దిగకుండా, మడత పట్టీ కింద విడిపోని అల్లికతో కొన్ని వరుసలు వేసేవాళ్ళు. క్లిప్పు ఆ వరుసల కింద, పలుచటి భాగానికి తగిలిస్తే ఆ రక్షణ లేనట్టే. క్లిప్పు పడాల్సింది దట్టమైన పట్టీ మీద మాత్రమే. పాదం కొలత చిన్నదైతే వేళ్ళ దగ్గర, మడమ దగ్గర గీతలు పుడతాయి. కొలతలు పాదం పొడవు అంగుళాల్లో, అర అంగుళం తేడాతో ఉండేవి. కాలి పొడవు పొట్టి, మధ్యస్థం, పొడుగు అని వేరుగా. చెప్పుల కొలత చెప్పి కొన్నవాళ్ళకే ఈ బాధ ఎక్కువ.

కాలంతా ఒక్కసారిగా చిల్లులు పడితే మాత్రం తప్పు మేజోడులో లేదు. బొగ్గు పొగలోని మసి రేణువు సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మోసుకొచ్చి నైలాన్ మీద వాలితే అక్కడ పోగు కరిగిపోతుంది.

గీత ఆగడానికి రంగులేని గోళ్ళ రంగు చుక్క పెట్టేవాళ్ళు. అది పాకకుండా ఆపుతుంది, అతకదు. అసలు మరమ్మతుకు, కొక్కెం మూతిని మూసే చిన్న నాలుక ఉన్న సన్నటి సూది కావాలి. మేజోడును చిన్న కప్పు మూతి మీద బిగించి, గీత చివర ఇంకా నిలిచి ఉన్న లూపును సూదితో పట్టుకుని, ఒక్కో అడ్డపోగును వరుసగా దానిలోంచి లాగుతూ రెండో చివర దాకా పోవాలి. ఆఖరి లూపును అదే రంగు నైలాన్ పోగుతో కట్టేయాలి. ఒక్క మెట్టు దాటేసినా కట్టిన మర్నాడే అక్కడి నుంచి గీత మళ్ళీ లేస్తుంది.

కొన్న సరుకు మీద అనుమానం

కుట్టు కాలి చుట్టూ తిరిగిపోతుంటే అది గుండ్రటి యంత్రంలో గొట్టంలా అల్లి, వెనక ఉత్తుత్తి కుట్టు వేసినది కావచ్చు. పిక్క దగ్గర కుదింపు గుర్తులు చూడండి. మడత పట్టీ వెనక, కుట్టు పైచివర తాళంచెవి రంధ్రంలాంటి సందు ఉందా చూడండి. గుర్తులను అద్ది మోసం చేయొచ్చు, కానీ గుర్తు దగ్గర లూపుల వరుస అంచు వైపు ముగిసిపోవాలి. భూతద్దంలో నేరుగా సాగిపోతుంటే ఉత్తుత్తిదే.

మెత్తగా ఉండి, తడిస్తే చీలమండ దగ్గర జారిపోతుంటే రేయాన్ అనుకోవాలి, తడిలో దానికి బలం తగ్గుతుంది. యుద్ధకాలపు సరుకులో ఇది సాధారణం. 1939 అక్టోబరు 24న డెలావేర్‌లోని విల్మింగ్టన్‌లో మొదట అమ్మకానికొచ్చి, 1940 మే 15న అమెరికా అంతటా దుకాణాలకెక్కిన నైలాన్, 1942లో పారాచూట్‌లకూ తాళ్ళకూ మళ్ళిపోయింది. 1946 జూన్‌లో పిట్స్‌బర్గ్‌లో 13,000 జతల కోసం 40,000 మంది వరుస కట్టారంటే కొరత అర్థమవుతుంది. ఆ రోజుల్లో రెండో రకం సరుకును మొదటి రకమని అంటగట్టినవాళ్ళూ ఉన్నారు. లోపలి అంచు నుంచి ఒక పోగు తీసి నిప్పు చూపితే తేలిపోతుంది: నైలాన్ కరిగి గట్టి పూసవుతుంది, పట్టు కాలిన వెంట్రుక వాసన కొడుతుంది, రేయాన్ కాగితంలా మండి బూడిదవుతుంది.

పెట్టెలో మూడు జతలున్న పాత సరుకు దొరికితే జతలు విడగొట్టి అమ్మొద్దు. ఒకే రంగు పోతలో తయారైన ఆరు కాళ్ళవి. ఒకటి గీత పోతే మిగిలినవాటిలోంచి జత కుదురుతుందనే వాటిని అలా కలిపి అమ్మారు.