టైగర్ మాత్‌లో ఒంటరిగా ఎగిరే ముందు జాగ్రత్తలు

రెండో ప్రపంచ యుద్ధకాలపు శిక్షణలో తొందర ఎక్కువగా ఉండేది కనుక, నల్లగొండ పల్లెల నుండి వచ్చిన మన కుర్రవాళ్లకు ఈ జాగ్రత్తలు మరువరాదని చెప్పేవాళ్లం. టైగర్ మాత్ అనే ఈ రెండు సీట్ల శిక్షణ విమానానికి చక్రాల బ్రేకులు లేవు. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పే ముందు చక్రాలకు దిమ్మెలు అడ్డుపెట్టారో లేదో స్వయంగా చూడాలి.

ఎదురుగాలి ఒత్తిడితో వేగాన్ని కొలిచే పిటో గొట్టం మీది తొడుగు తప్పక తీయాలి. నేను ఒకసారి మరిచాను. వేగం చూపే ముల్లు సున్నా వద్దే నిలిచిపోగా, రెక్కల తీగల మధ్య గాలి ఈలను బట్టి వేగాన్ని అంచనా వేసుకుంటూ దిగవలసి వచ్చింది.

ఒంటరిగా ఎగిరేవారు వెనుక సీటులోనే కూర్చుని, ఖాళీ ముందు సీటు పట్టీలు విమానాన్ని నడిపే కర్రకు (స్టిక్‌కు) చుట్టుకోకుండా బిగించాలి.

దేవరకొండ గుట్టల మీద ఎండాకాలపు మధ్యాహ్నం కుదుపులెక్కువ, పొద్దున్నే వెళ్లాలి. ఇంజిన్ ఆగితే ఎండిన చేనులోనే దిగాలి. మూసీ వెంబడి వరిమళ్లు పైనుంచి నున్నగా కనిపించినా, చక్రాలు దిగబడి విమానం తలకిందులవుతుంది.