చలనం భాష, 3వ పాఠం: దూరం, స్థానభ్రంశం, వడి, వేగం

పోయిన పాఠంలో మూలబిందువు (కొలత మొదలుపెట్టే చోటు), స్థానం అనే మాటలు చూశాం. ఇప్పుడు అక్కడి నుంచి కదులుదాం.

మూలబిందువు నుంచి తూర్పుగా 3 మీటర్లు నడిచి, అక్కడ తిరిగి ఉత్తరంగా 4 మీటర్లు నడిచారనుకోండి. నడిచిన దారి మొత్తం 7 మీటర్లు. ఇది దూరం. బయల్దేరిన చోటు నుంచి చేరిన చోటికి తిన్నగా గీత గీస్తే దాని పొడవు 5 మీటర్లే, లంబకోణ త్రిభుజంలో కర్ణం కదా! ఆ 5 మీటర్లకు 'తూర్పు నుంచి ఉత్తరం వైపు సుమారు 53 డిగ్రీలు' అని దిశ కూడా చేరిస్తే అది స్థానభ్రంశం. దిశ రాయకపోతే జవాబు సగమే. ఊరికే చదివి వదిలేయకుండా కాగితం మీద గీసి చూడండి.

దూరం, కాలం, ద్రవ్యరాశి వంటివి అదిశ రాశులు. వీటికి పరిమాణం చెబితే చాలు. ఉష్ణోగ్రత కూడా అదిశే. మైనస్ 10 డిగ్రీల సెల్సియస్‌లో ఆ మైనస్ దిశ కాదు, సున్నా కంటే తక్కువని మాత్రమే.

సదిశ రాశికి పరిమాణం, దిశ రెండూ ఉంటాయి. అయితే ఈ నిర్వచనం ఒక్కటే నమ్ముకుంటే చిక్కే. విద్యుత్ ప్రవాహానికీ దిశ ఉంది. కానీ రెండు తీగల్లో 3, 4 ఆంపియర్లు వచ్చి ఒకచోట కలిస్తే, ఆ తీగల మధ్య కోణం ఎంతైనా, మూడో తీగలో పోయేది 7 ఆంపియర్లే. అంటే మామూలు కూడికే. మన నడకలో మాత్రం 3, 4 కలిసి 5 అయ్యాయి. ఇలా త్రిభుజ నియమం ప్రకారం, అంటే రెంటినీ త్రిభుజం భుజాలుగా వరసగా గీసి మూడో భుజాన్ని మొత్తంగా తీసుకుంటూ కూడితేనే సదిశ. నన్నడిగితే అసలు పరీక్ష ఇదే.

ఇక వడి, వేగం. దూరాన్ని కాలంతో భాగిస్తే సగటు వడి, ఇది అదిశ. స్థానభ్రంశాన్ని కాలంతో భాగిస్తే సగటు వేగం, ఇది సదిశ. 400 మీటర్ల ట్రాక్‌ను 80 సెకన్లలో ఒక చుట్టు చుట్టిన మనిషి సగటు వడి సెకనుకు 5 మీటర్లు. బయల్దేరిన చోటికే వచ్చాడు కాబట్టి స్థానభ్రంశం సున్నా, సగటు వేగమూ సున్నా. అంత చెమటోడ్చినవాడికి సున్నా ఏమిటని అనిపిస్తుంది గానీ, లెక్క సరైనదే.

బండి స్పీడోమీటర్ చూపేది వడి. ముల్లు 40 మీదే కదలకుండా ఉన్నా, మలుపులో దిశ మారుతోంది కనుక వేగం మారుతున్నట్టే. ఆ మార్పు రేటే త్వరణం, దాని సంగతి 4వ పాఠంలో.

ఈలోగా ఒక లెక్క. నది వెడల్పు 80 మీటర్లు. పడవ అవతలి గట్టుకు నేరుగా గురిపెట్టి సెకనుకు 2 మీటర్ల చొప్పున పోతోంది, ప్రవాహం దాన్ని పక్కకు సెకనుకు 1.5 మీటర్లు లాగుతోంది. గట్టు చేరడానికి ఎంతసేపు? స్థానభ్రంశం ఎంత? 40 సెకన్లు, 100 మీటర్లు వస్తే సరే. దిశ మీరే కనుక్కోండి.