సొంత పికప్, సొంత చూపు – 5వ పాఠం: కమాను, టైరు, లోడు

నాలుగు పాఠాలుగా ఇంజను చుట్టూనే తిరిగాం. ఆయిలు గీత, కూలెంటు, ఎయిర్ ఫిల్టరు, ఫ్యాన్ బెల్టు చూసుకోవడం ఈపాటికి మీకు అలవాటైపోయి ఉండాలి. ఇక బండి కిందికి వంగుదాం. పాత చాప, టార్చి, వైరు బ్రష్షు, గాలి గేజి, కొలత టేపు దగ్గర పెట్టుకోండి. బండి ఖాళీగా, చదునైన నేల మీద ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. జాకీతో ఎత్తిన బండి కిందికి మాత్రం తల దూర్చొద్దు. ఈ పాఠంలో చూడాల్సినవన్నీ చక్రాలు నేల మీద ఉండగానే కనిపిస్తాయి.

విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ల (చక్రాల పైన బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్టల) షాపు ముందు కాసేపు నిలబడితే చాలు, “వెనక ఇంకో పట్టీ వెయ్యన్నా, లోడెక్కితే కూర్చుంటోంది” అనే మాట వినిపిస్తుంది. టాటా ఏస్ అయినా, అశోక్ లేలాండ్ దోస్త్ అయినా, బొలెరో పికప్ అయినా కోరిక అదే. నన్నడిగితే ఇది చేతి డబ్బులిచ్చి కొనుక్కునే నష్టం. ఎందుకో తెలియాలంటే అసలు మన బండి ఎంత మోయాలో ముందు లెక్క కట్టాలి.

లెక్క ఆర్‌సీలోనే ఉంది

ఆర్‌సీ తీయండి. అందులో అన్‌లాడెన్ వెయిట్ అని ఒకటి, లాడెన్ వెయిట్ అని ఒకటి ఉంటాయి. మొదటిది ఖాళీ బండి బరువు. రెండోది మనుషులు, సరుకు అన్నీ కలిపి దాటకూడని బరువు. ఉదాహరణకి ఖాళీ బరువు 1,215 కిలోలు, లాడెన్ 2,500 అనుకుందాం. తేడా 1,285. ఇదంతా సరుకుకే అనుకుంటే పొరపాటు. డ్రైవరు, పక్కన ఇంకొకరు కలిసి 140 కిలోలు తీసేస్తే మిగిలేది 1,145. గుంటూరు యార్డుకి వెళ్లే మిర్చి టిక్కీ (బస్తా) 45 కిలోలు ఉంటే 25 టిక్కీలు, అంటే 1,125 కిలోలు. అదే సిమెంటయితే బస్తా 50 కిలోలు కాబట్టి 22 బస్తాలు. ఆ తర్వాత ఎక్కే ప్రతి బస్తా అప్పే.

మిర్చితో ఒక తిరకాసుంది. చూడ్డానికి కొండంత లోడు, తూకానికి అంత ఉండదు. టైల్సు, గ్రానైటు దానికి పూర్తిగా తిరుగుడు. బాడీలో సగం కూడా నిండకుండానే బండి పరిమితి దాటిపోతుంది. పైగా చూసేవాళ్లు “ఇంకా బోలెడు ఖాళీ ఉందిగా” అంటారు. కంటిని నమ్మొద్దు, కాటాని నమ్మండి.

ఇక చట్టం సంగతి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక ఓవర్‌లోడుకి జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువున్న ప్రతి టన్నుకీ మరో 2,000. ఎక్కువైన సరుకు దించుకునే ఖర్చు కూడా మనదే. ఒక్కసారి కాజా టోల్‌గేటు దగ్గర్లో పక్కకి ఆపించారంటే ఆ నెల కిరాయిల్లో మిగిలేదేమీ ఉండదు.

కాటా మీద మూడు తూకాలు

కాటాకి వెళ్లినప్పుడు అందరూ ఒక్క తూకం వేయించి చీటీ తీసుకుని వచ్చేస్తారు. మీరు మూడు వేయించండి. ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీదికి ఎక్కించి ఒకటి, మొత్తం బండి ఎక్కించి ఒకటి, ముందు చక్రాలు దాటించి వెనకవి మాత్రమే ఉంచి ఒకటి. కాటా ఆపరేటరు విసుక్కుంటాడు, పట్టించుకోకండి. రద్దీ లేని వేళ వెళితే అదీ ఉండదు.

పై ఉదాహరణలోని బండికి 25 టిక్కీలు ఎక్కించి తూస్తే మొత్తం 2,480 వచ్చిందనుకుందాం. ఆర్‌సీ ప్రకారం పాస్. కానీ విడివిడిగా చూస్తే ముందు 820, వెనక 1,660. ఇప్పుడు వెనక టైరు పక్క గోడ మీద సైజు తర్వాత ఉన్న అంకె చూడండి. 98/96 అని ఉంటే, ఒంటి టైరుగా వాడినప్పుడు 750 కిలోలు, జంటగా వాడితే ఒక్కోటి 710 కిలోలు మోస్తుందని అర్థం. మన పికప్‌కి వెనక ఒక్కో పక్కన ఒక్కో టైరే కాబట్టి రెండూ కలిపి 1,500. అంటే మొత్తం బరువు సరిపోయినా వెనక టైర్ల మీద 160 కిలోలు అదనంగా పడింది.

మరి బస్తాలు దించేయాలా? అక్కర్లేదు, ముందుకి జరపాలి. రెండు యాక్సిళ్ల (ముందు, వెనక చక్రాల ఇరుసుల) మధ్య దూరం 2.35 మీటర్లయితే, ఆ 1,125 కిలోల లోడుని 40 సెంటీమీటర్లు ముందుకి జరిపితే 1,125ని 0.4తో గుణించి 2.35తో భాగించినంత, అంటే దాదాపు 190 కిలోలు వెనక నుంచి ముందుకి మారుతుంది. వెనక 1,470 దగ్గరికి దిగుతుంది. సరుకు ఎక్కించే హమాలీలకి వెనక డోరు దగ్గర పడేయడమే సుఖం. అందుకే లోడు మొదలయ్యేటప్పుడు మీరు పక్కనుండి క్యాబిన్ గోడకి ఆనించి మొదటి వరస వేయించండి. బరువు వెనక యాక్సిల్ దాటి వెనక్కి పడితే ముందు చక్రాలు తేలిపోతాయి. అప్పుడు స్టీరింగు వేళ్లతో తిరిగేంత తేలికవుతుంది. కొంతమంది అది బాగుందనుకుంటారు కూడా! వారధి దిగేటప్పుడు గట్టిగా బ్రేకేస్తే బండి మాట వినకపోవడానికి అదే కారణం.

కమాను చూడటం

ఇప్పుడు చాప పరుచుకోండి. వెనక చక్రం లోపలివైపు టార్చి కొట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్న ఉక్కు పట్టీలే కమాన్ కట్ట. అన్నిటికన్నా పొడవైనది మెయిన్ పట్టీ, దాని రెండు కొనలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి. ఆ కన్నుల్లో బుష్షులు (లోపలి తొడుగులు) ఉంటాయి. మధ్యలో రెండు యూ బోల్టులు కట్టని యాక్సిల్‌కి బిగించి పట్టుకుంటాయి. పట్టీలన్నిటి గుండా పోయేది సెంటర్ బోల్టు. దాని తల యాక్సిల్ మీది గుంటలో కూర్చుని, యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపుతుంది.

వైరు బ్రష్షుతో మట్టి రాల్చి ఒక్కో పట్టీ అంచునీ చూసుకుంటూ వెళ్లండి. వెంట్రుక మందాన ఎర్రటి తుప్పు గీత అడ్డంగా కనిపిస్తే అది బీట. యూ బోల్టుల పక్కన, పట్టీలని కలిపి పట్టే క్లిప్పుల కింద ఇంకాస్త జాగ్రత్తగా వెతకండి, ఎక్కువగా విరిగేది అక్కడే. పట్టీ పక్కకి జరిగి మెరిసే కొత్త లోహం కనబడినా అనుమానించాలి.

తర్వాత టేపు పని. కుడివైపు ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి కొలవండి. చక్రాలు తిన్నగా ఉండాలి సుమా. ఎడమవైపూ అలాగే కొలవండి. అర అంగుళం తేడా వస్తే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ ఒక పక్కకి జరిగిందేమో మెకానిక్‌కి చూపించాలి. అలాంటి బండి రోడ్డు మీద కొంచెం ఏటవాలుగా నడుస్తుంది. వెనకొచ్చేవాళ్లకి కనిపిస్తుంది గానీ నడిపేవాళ్లకి తెలియదు.

కమాన్ల మీద వాడేసిన ఇంజనాయిలు పోసే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. కిర్రుమనే చప్పుడు రెండు రోజులు ఆగుతుంది, నిజమే. కానీ నూనె తగిలిన రబ్బరు బుష్షు ఉబ్బి మెత్తబడుతుంది, దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది. మీ బండికి గ్రీజు నిప్పుళ్లు (గ్రీజు ఎక్కించే చిన్న మూతులు) ఉంటే గ్రీజు కొట్టించండి. రబ్బరు బుష్షులే ఉంటే వాటి జోలికి పోవద్దు, అరిగినప్పుడు మార్చడమే.

ఎక్స్‌ట్రా పట్టీ చేసే పని

ఇప్పుడు మొదటి ప్రశ్నకొద్దాం. పట్టీ ఒకటి పెంచితే ఏమవుతుంది? లోడెక్కినా బండి వెనక దిగదు, చూడ్డానికి నిటారుగా ఉంటుంది. యాక్సిల్, బేరింగులు, బ్రేకు డ్రమ్ములు, టైర్లు, ఛాసిస్ మాత్రం కంపెనీ ఇచ్చినవే, వాటి మీద బరువు ఒక్క కిలో కూడా తగ్గదు. బండి మొరపెట్టుకోవడం మానేస్తుంది, అంతే. ఖాళీగా తిరిగేటప్పుడు వెనక ఎగిరెగిరి పడుతుంది, ఆ దెబ్బలన్నీ ఛాసిస్‌కీ టైర్లకీ చేరతాయి.

దీనికన్నా పెద్ద సంగతి ఒకటి చాలామందికి తెలియదు. చాలా పికప్పుల్లో వెనక బ్రేకు లైనుకి లోడుని బట్టి పనిచేసే వాల్వు ఒకటి ఉంటుంది. ఛాసిస్‌కి బిగించిన ఆ వాల్వు నుంచి సన్నటి కడ్డీ గానీ స్ప్రింగు గానీ వెనక యాక్సిల్‌కి కలిపి ఉంటుంది. లోడెక్కి బాడీ కిందికి దిగితే ఆ కడ్డీ కదులుతుంది, వాల్వు వెనక చక్రాలకి ఎక్కువ బ్రేకు వదులుతుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది, లేకపోతే తేలికగా ఉన్న వెనక చక్రాలు లాకైపోయి బండి వెనక భాగం పక్కకి తిరిగిపోతుంది. ఇప్పుడు మీరు అదనపు పట్టీ వేయించారు. టన్ను పైన లోడున్నా బాడీ అంతగా దిగదు, వాల్వుకి బండి ఖాళీగా ఉన్నట్టే లెక్క. బ్రేకు గట్టిగా కావలసినప్పుడే వెనక బ్రేకు తగ్గుతుంది, ముందు ప్యాడ్లు తొందరగా అరుగుతాయి. మీ బండికి ఆ కడ్డీ ఉందో లేదో ఇప్పుడే టార్చి వేసి వెతకండి. కొన్ని షాపుల్లో అడ్డమని దాన్ని విప్పి వైరుతో కట్టేస్తారు. అలా కనబడితే ఆలస్యం చేయకుండా సరిచేయించండి.

కమాను నిజంగానే కూర్చుంటే? పరిమితి లోపు లోడుతో కూడా యాక్సిల్ పైనున్న రబ్బరు దిమ్మకి తగులుతుంటే పట్టీలు వంపు పోయాయన్నమాట. కాల్చి కొట్టి వంపు తెప్పిస్తామంటారు. కాల్చిన ఉక్కుకి మళ్లీ సరైన పదును పట్టకపోతే అది నెలలోపే కూర్చుంటుంది, లేదా పెళుసై విరుగుతుంది. నేనైతే అదే మందం, అదే సంఖ్యలో కొత్త పట్టీలు, రెండు పక్కలా కలిపి వేయించుకోమంటాను. మే నెలలో మిర్చి యార్డుకి వేసవి సెలవులిస్తారు కదా, యార్డు కిరాయిలు తోలేవాళ్లకి ఈ పనికి అంతకన్నా మంచి సమయం దొరకదు. కమాన్ పని అయ్యాక కొన్ని రోజులు తిప్పి, యూ బోల్టులు మాన్యువల్లో ఇచ్చిన టార్కుకి (బిగింపు కొలతకి) మళ్లీ బిగించమని అడగండి. కొత్త పట్టీలు ఒత్తిడికి సర్దుకున్నాక బోల్టులు వదులవడం మామూలే.

టైరు ఏం చెబుతోంది

గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. నడిచిన టైరులో గాలి వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది. మధ్యాహ్నం మంగళగిరి దగ్గర ఆగి చూసి, ఎక్కువుందని తీసేస్తే రేపు పొద్దుటికి తక్కువైపోతుంది. ఖాళీ బండికి ఎంత, లోడు బండికి ఎంత అన్నది డోరు దగ్గర స్టిక్కరు మీదో మాన్యువల్లోనో ఉంటుంది. ముందుకీ వెనక్కీ వేరువేరు అంకెలు. గాలి షాపు కుర్రాడు అన్ని టైర్లకీ ఒకటే కొట్టేస్తానంటే ఒప్పుకోకండి.

ఎండాకాలంలో హైవే మీద టైరు పేలితే జనం “గాలి ఎక్కువైంది” అంటారు. ఎక్కువసార్లు జరిగేది దీనికి తిరుగుడు. గాలి తక్కువైతే పక్క గోడలు ప్రతి చుట్టుకీ మడతపడుతూ వేడెక్కుతాయి. పైన ఓవర్‌లోడు, కింద కాలే రోడ్డు, వేడి పెరిగి పెరిగి లోపలి పొరలు విడిపోతాయి. ఎండలు మండుతున్నాయని గాలి తగ్గించుకోవడం అందుకే మంచిది కాదు.

ఇక అరుగుదల. అరచేయి టైరు మీద అడ్డంగా రాసి చూడండి. మధ్యలో అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువ. రెండంచులూ అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువ. ఒక్క అంచే తినేస్తుంటే అలైన్‌మెంట్ పోయింది, లేదా ముందు భాగంలో ఏదో వదులైంది. అది చూడకుండా కొత్త టైరు వేస్తే దాన్నీ తినేస్తుంది. అక్కడక్కడా గుంటలు గుంటలుగా ఉంటే షాకబ్జార్లు చూపించండి. గాడి లోపల అడ్డంగా చిన్న దిమ్మలుంటాయి, గాడి 1.6 మిల్లీమీటర్లకి అరిగేసరికి అవి పైకి తేలతాయి. అక్కడికొస్తే టైరు పని అయిపోయినట్టే. రీబటన్ టైరు (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పొర వేసింది) ముందు చక్రాలకి వద్దు. టైరు వయసు పక్క గోడ మీద అండాకారపు గడిలో ఉన్న చివరి నాలుగంకెల్లో ఉంటుంది. 1823 అంటే 2023లో 18వ వారం. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు స్టెప్నీ మీద కూడా చూడండి.

చక్రం మార్చాల్సొస్తే నట్లు నేల మీద ఉండగానే ఒక మోస్తరు వదులు చేసి ఆ తర్వాత జాకీ ఎత్తండి. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించండి. ఒక యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి స్పానర్ వేసి చూడండి.

చివరగా వరద నీళ్ల మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చాలా బళ్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. అలా యాక్సిల్ మునిగిన బండి ఇంజను స్టార్టయినంత మాత్రాన బాగున్నట్టు కాదు. వెనక యాక్సిల్ హౌసింగ్‌లో (గేర్లుండే పెట్టెలో) ఆయిలు పాలు కలిపిన టీ రంగులోకి మారిందంటే నీళ్లు దిగాయి. అది మార్చాలి, చక్రాల బేరింగులు విప్పి గ్రీజు మార్చాలి, బ్రేకు డ్రమ్ములు శుభ్రం చేయాలి.

ఇంటి పని

ఈ వారం రెండు పనులు. ఒకటి, మామూలుగా మీరు వేసే లోడుతో మూడు తూకాలు వేయించి, చీటీలు డ్యాష్‌బోర్డులో దాచండి. రెండు, నాలుగు టైర్లు, స్టెప్నీ చివరి నాలుగంకెలు, పొద్దున చూసిన గాలి ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ తూకాలు 6వ పాఠంలో కావాలి, అందులో బ్రేకులు విప్పబోతున్నాం.