పాత ఎక్స్‌ప్లోరర్‌లోంచి ఎలా బయటపడాలి?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు జెరాక్స్ షాపుల్లో నీలం 'ఇ' గుర్తుండే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్‌నే నమ్ముకున్నవాళ్లు ఇంకా కనిపిస్తారు. భూమి రికార్డులు చూసే ఒడిశా భూలేఖ్, ఆంధ్రా మీభూమి, కరెంటు బిల్లు, ఇలా రెండు రాష్ట్రాల పనుల లింకులూ ఏళ్ల తరబడి అందులోనే దాచుకున్నారు కాబట్టి మార్చమంటే టెన్షన్ ఉండదా మరి. కానీ విండోస్ 10లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కి మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సపోర్ట్ ఆపేసి, 2023 ఫిబ్రవరిలో తన కొత్త బ్రౌజర్ ఎడ్జ్ అప్‌డేట్‌తో దాన్ని పూర్తిగా మూసేసింది. మళ్లీ ఎక్కించుకుందామని నెట్‌లో దాని ఇన్‌స్టాలర్ కోసం మాత్రం వెతక్కండి, వైరస్‌ని మనమే పిలిచి కూర్చోబెట్టినట్టు అవుతుంది.

ముందు మీది ఏ విండోసో చూడండి. కంప్యూటర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ నొక్కితే తెలిసిపోతుంది. విండోస్ 7 అయితే క్రోమ్, ఎడ్జ్ రెండూ 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయాయి, ఫైర్‌ఫాక్స్‌లో ఎక్కువ కాలం అప్‌డేట్లు ఇచ్చే రకమైన 115 ఈఎస్‌ఆర్ ఎక్కుతుంది. అయినా 2020 జనవరిలోనే సపోర్ట్ పోయిన ఆ విండోస్ మీద కస్టమర్ల బ్యాంకు పనులు చేయొద్దనే నా మాట.

తర్వాత లింకులు కాపాడుకోండి. ఎక్స్‌ప్లోరర్ ఇంకా తెరుచుకుంటుంటే ఆల్ట్ కీ నొక్కండి, పైన ఫైల్ మెనూ వస్తుంది. అందులో ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్‌కి వెళ్లి ఫేవరెట్స్‌ని, అంటే దాచుకున్న లింకుల్ని, ఫైల్‌గా పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేయండి. తెరుచుకోకపోయినా కంగారు లేదు, సి డ్రైవ్‌లో యూజర్స్ లోపల మీ పేరున్న ఫోల్డర్‌లో ఫేవరెట్స్ అలాగే ఉంటాయి. పాస్‌వర్డులు విండోస్ 10లో అయితే కంట్రోల్ ప్యానెల్, క్రెడెన్షియల్ మేనేజర్, వెబ్ క్రెడెన్షియల్స్‌లో దొరుకుతాయి. షాపు కంప్యూటర్ అయితే కస్టమర్లవి కూడా అక్కడే పడి ఉండొచ్చు, వాటిని చూడకుండా తీసేయండి.

ఇప్పుడు ఎడ్జ్ సెట్టింగ్స్, ప్రొఫైల్స్‌లో ఇంపోర్ట్ బ్రౌజర్ డేటా నొక్కి ఆ ఫైల్ చూపిస్తే చాలు. ఫైర్‌ఫాక్స్‌లో అయితే బుక్‌మార్క్స్ మేనేజ్ చేసే చోట ఇంపోర్ట్ ఉంటుంది.

అసలు చిక్కంతా యాక్టివ్‌ఎక్స్ అనే, ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే నడిచే పాత టెక్నాలజీ మీద ఆధారపడిన సైట్లతోనే. డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ పెట్టుకుని టెండర్లు వేసేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. దీనికోసమే ఎడ్జ్‌లో ఐఈ (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్) మోడ్ ఉంది, అది సైట్‌ని పాత ఎక్స్‌ప్లోరర్‌లోలాగే తెరుస్తుంది: సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్‌కి వెళ్లి, సైట్లను ఐఈ మోడ్‌లో తెరవనిచ్చే ఆప్షన్‌ని 'అలో' చేసి, ఎడ్జ్‌ని రీస్టార్ట్ చేయండి, ఆ కిందే ఉండే జాబితాలో మీ సైట్ అడ్రస్ చేర్చండి. కనీసం 2029 దాకా ఈ సదుపాయం ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మొండికేసే ఆ ఒక్క సైట్‌కే వాడండి, మిగతావి మామూలుగా తెరవండి. ఇలా చేర్చిన పేజీ 30 రోజులకు జాబితాలోంచి దానంతటదే పోతుంది, అప్పుడు కంప్యూటర్ పాడైందనుకుని మెకానిక్‌ని పిలవకుండా మళ్లీ చేర్చుకోండి.